లింగనిష్ఠయు మనోవ్యథయు



ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచుకొని, దృష్టిని దానిపై నిలిపి, పంచాక్షరిని జపించుట మన ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసిన విధి. ఈ పాఠమున మనము విచారింపదలచినది ఆ విధియొక్క మహిమను గూర్చి కాదు. దుఃఖముచే క్రుంగిన మనస్సుతో ఆ విధికి కూర్చున్నవారి సంగతిని గూర్చి. అట్టివారికి లింగపూజ ఏ మేరకు ఉపకరించును? ఎక్కడ ఉపకరింపదు? మెదడును పరిశోధించినవారు ఈ విషయమున ఏమి కనుగొనిరి? ఈ విచారమునకు నన్ను పురికొల్పినది నేను చేసిన ఒక పొరపాటు. దానిని ముందుగా చెప్పుకొనుట మేలు.

మా చిన్నమ్మ జహీరాబాదు ప్రాంతమున ఒక పల్లెలో నుండును. కొన్ని సంవత్సరముల క్రిందట ఆమె చిన్న కుమారుడు రోడ్డు ప్రమాదమున లింగైక్యుడయ్యెను. లింగధారులకు జననమరణాది పంచసూతకములు లేవనుట మన సంప్రదాయము. కావున క్రియాసమాధి జరిగిన మరునాడే ఆమె స్నానముచేసి, విభూతి ధరించి, పూజకు కూర్చుండెను. ఊరివారందరు ఆ నిష్ఠను మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని. ఓదార్చ వచ్చిన పెద్దలు కొందరు బసవపురాణములోని సిరియాళుని కథను చెప్పిరి. కన్నకొడుకును శివునకు అర్పించిన ఆ దంపతులు కన్నీరు పెట్టలేదు గదా అనిరి. ఆ కథ చివర బిడ్డ బ్రతికి తిరిగి వచ్చునను సంగతి ఎవరికిని తోచలేదు.

మూడు నెలల పిమ్మట నేను వెళ్ళినపుడు ఆమె నన్ను ప్రక్కకు పిలిచి, "లింగం నన్ను ఇడిసిపెట్టింది బిడ్డా" అనెను. అరచేతిలోని లింగమును చూచినంతనే కుమారుని ముఖము కనబడునట. గుండె దడదడలాడి ఊపిరి అందదట. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినచో మరల నిద్ర పట్టదట. లింగమును ప్రాణముగా భావించు కుటుంబములో పుట్టిన స్త్రీ నోట ఆ మాట రావలెనన్న ఆమె లోపల ఎంత నలిగియుండునో నేను గ్రహింపవలసినది. గ్రహింపలేదు. నాలుగు గ్రంథములు చదివితినను ధైర్యముతో, "నిష్ఠ తగ్గింది చిన్నమ్మా. 108 చాలదు, 1008 చెయ్యి" అని చెప్పి వచ్చితిని.

ఆమె చేసినది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి చేసినది. రెండు నెలలలో మనిషి సగమయ్యెను. అంతకన్న ఘోరమైనది మరియొకటి జరిగినది. తన నిష్ఠలో లోపముండుట చేతనే బిడ్డ పోయెనని ఆమె నమ్మసాగెను. అంతకు ముందు ఆమెకు దుఃఖమొక్కటియే ఉండెను. నా సలహా దానికి అపరాధమును జోడించినది.

ఆమెకు జరిగినదేమి? శాస్త్రజ్ఞుల మాటలలో చూతము.

మన కణతలకు లోపలి ప్రక్క, మెదడు లోతున, బాదంగింజ పరిమాణమున రెండు భాగములు గలవు. వానిని అమిగ్డాల అందురు. గ్రీకు భాషలో ఆ మాటకు బాదమనియే అర్థము. ఇది ఇంటికి కావలికుక్క వంటిది. అపాయము తోచినంతనే మొరుగును. ఆ సంకేతము మెదడు అడుగుభాగమున నున్న హైపోథలామస్‌కు, అచ్చటినుండి నాడుల ద్వారమునను రక్తము ద్వారమునను మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులకు చేరును. ఆ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను ద్రవ్యములను రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును. ఊపిరి పైపైన ఆడును. కండరములు బిగియును. పాము కనబడినపుడు ఇది మేలే. కాని కావలికుక్కకు పాము వేరు, చనిపోయిన బిడ్డ జ్ఞాపకము వేరు అని తెలియదు. రెండింటికిని ఒకే విధముగా మొరుగును.

నుదుటి వెనుక నుండు మెదడు భాగము ఈ మొరుగుటను అదుపులో నుంచును. "ఇది జ్ఞాపకము, అపాయము కాదు" అని నచ్చజెప్పునది అదియే. అయితే దానికి నిద్ర కావలెను. 2007లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, నిద్ర లేకుండ ఉంచబడిన ఆరోగ్యవంతులకు భయంకరమైన చిత్రములు చూపగా, వారి అమిగ్డాల చక్కగా నిద్రించినవారి దానికన్న సుమారు 60 శాతము అధికముగా స్పందించినది. నుదుటి భాగముతో దాని సంబంధమును సడలినది. మూడు గంటలకు లేచి 1008 జపము చేయుమని నేను చెప్పినది, ఉన్న ఆ కొద్ది నిద్రను గూడ లాగివేయుటయే అయినది!

ఇక రెండవ సంగతి. పని లేనపుడు మెదడు విశ్రమించునని చాలకాలము తలంచిరి. 2001లో మార్కస్ రెయికల్ అను అమెరికా వైద్యుడును ఆయన సహచరులును అది సరికాదని చూపిరి. మనము ఏ పనియు లేక ఊరక కూర్చున్నపుడు మెదడులోని కొన్ని భాగములు మిక్కిలి చురుకుగా నుండును. జరిగినది తలచుకొనుట, జరుగబోవునది ఊహించుట, తన్ను గూర్చి తాను ఆలోచించుకొనుట ఈ భాగముల పని. మనస్సు చంచలమని బసవేశ్వరుడు తన వచనములలో తన మనస్సునే ముందుంచి చెప్పుకొనిన సంగతి మనకు తెలియును. 2010లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 2,250 మందిని పగటివేళ ఎప్పుడు పడిన అప్పుడు ప్రశ్నించి లెక్కించగా, మేలుకొనియున్న కాలములో సుమారు 47 శాతము మనస్సు చేయుచున్న పనిపై లేక అన్యత్ర తిరుగుచున్నట్లు తేలినది. తిరుగు మనస్సు సంతోషముగా లేదనియు తేలినది.

సుఖముగా నున్నవాని మనస్సు తిరిగినచో పొలమునకో, పెండ్లిసంబంధమునకో పోవును. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి మనస్సు ఎక్కడికి పోవును? నిశ్శబ్దముగా కూర్చున్న క్షణముననే అది సమాధికి పోవును. లింగము ఆమెను విడువలేదు. నిశ్శబ్దము దొరికిన మెదడు తన స్వభావము చొప్పున ప్రవర్తించినది. ఈ ఒక్క మాట ఆనాడు నాకు తెలిసియున్నచో!

ధ్యానమువలన మేలు లేదని దీని అర్థము కాదు. ఆ విషయమున గట్టి సాక్ష్యమే గలదు. మెదడులోని విద్యుత్తరంగములను మొదట మనుష్యునియందు నమోదు చేసినవాడు జర్మనీ దేశస్థుడైన హాన్స్ బెర్గర్, 1924లో. ఆ యంత్రమును యోగసాధకుల తలలకు అమర్చి చూచిన తొలివారిలో మనవారు గలరు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ అనువారు 1961లో తమ ఫలితములను ప్రకటించిరి. నెమ్మదిగా నున్న మెదడున ఆల్ఫా అను తరంగములు కానవచ్చును. సామాన్యునకు పెద్ద శబ్దము వినబడినచో అవి చెదరిపోవును. ధ్యానమగ్నులైన ఆ యోగులయందు శబ్దమునకు గాని, వేడి తాకిడికి గాని అవి చెదరలేదు. ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లని నీటిలో ముప్పావుగంటకు తక్కువ గాకుండ చేయి ఉంచినను చెదరలేదు. పరీక్షింపబడినవారు కొద్దిమందియే. వారు దీర్ఘకాల సాధకులు. అది వారి స్థితి. నిన్న బిడ్డను సమాధి చేసినవారి స్థితి కాదు.

గృహస్థునకు ఇంతకన్న దగ్గరగా నుండునది మరియొక పరిశోధన. ఇటలీ దేశపు వైద్యుడు లూచియానో బెర్నార్డియు ఆయన తోడివారును 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నందు ప్రకటించిరి. 23 మంది ఆరోగ్యవంతులచే క్రైస్తవులు జపమాలతో చేయు లాటిను ప్రార్థనను, బౌద్ధుల మంత్రమొకదానిని జపింపజేసి, ఊపిరిని, రక్తపుపోటును, గుండె లయను కొలిచిరి. మతములు వేరు, భాషలు వేరు. ఫలితము మాత్రమొక్కటే. రెండింటిలోను ఊపిరి నిమిషమునకు సుమారు 6 సార్లకు తగ్గినది. మామూలుగా మనము నిమిషమునకు 12 మొదలు 20 సార్లు ఊపిరి తీయుదుము. ఆరింటికి దిగినపుడు, రక్తపుపోటులోని హెచ్చుతగ్గులను గుండె సరిదిద్దుకొను శక్తి మెరుగుపడినది. ఊపిరి విడుచునపుడు వేగస్ అను నాడి గుండెకు కళ్ళెము వేయును. కావున నిశ్వాసము దీర్ఘమైనకొలది గుండె నెమ్మదించును. గుండెను నేరుగా ఆజ్ఞాపింపజాలము. ఊపిరిని ఆజ్ఞాపింపవచ్చును. ఊపిరి ద్వారమున గుండెకు, గుండె ద్వారమున మెదడులోని కావలికుక్కకు మాట చేరును.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేయుదము. నిమిషమునకు 6 ఊపిరులనగా ఒక్కొక్కదానికి 10 సెకనులు. ఊపిరికొక పంచాక్షరి చొప్పున 108 పూర్తియగుటకు 18 నిమిషములు పట్టును. మన ఇండ్లలో 108 ఎంతసేపటిలో ముగియుచున్నది? పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగా, బడి బస్సు వీధి మలుపు తిరుగుచుండగా, నాలుగు నిమిషములలో ముగియుచున్నది. నేను గడియారము పెట్టుకొని నా జపమునే చూచుకొంటిని. మూడున్నర నిమిషములు! అది జపము కాదు, పరుగు. పరుగెత్తువాని ఊపిరి ఎట్లు నెమ్మదించును? సంఖ్యను పెంచుమని సలహా ఇచ్చువారు, వేగమును తగ్గింపుమని చెప్పుట మరచుచున్నాము. మా చిన్నమ్మకు నేను చెప్పవలసినది 1008 కాదు. 12 చాలును, ఊపిరికొకటి, అని చెప్పవలసియుండెను.

మన విధానమున మరియొక సదుపాయము గలదు. కన్నులు మూసుకొని శూన్యములో వెదకుమని అది చెప్పదు. చూచుటకు ఒక రూపమును, పట్టుకొనుటకు ఒక బరువును ఇచ్చును. దృష్టి తొలగినపుడు తిరిగి రావలసిన చోటు ఎదుటనే, అరచేతిలోనే యుండును. చిరకాలముగా ధ్యానము చేయువారు ధ్యానించుచుండగా వారి మెదడులోని, పైన చెప్పిన, ఊరక తిరుగు భాగములు శాంతించుచున్నట్లు 2011లో ఒక పరిశోధన తెలిపినది. భీతిల్లిన మనస్సునకు కన్నులు మూసి లోపలికి చూచుట ఒక్కొక్కసారి కీడు చేయును. మరచిన భయములు పైకి వచ్చును. అట్టివారికి తెరచిన కన్నులతో, చేతిలోని వస్తువుపై నిలుపు దృష్టి తేలికయని నా అభిప్రాయము. ఇది నా అభిప్రాయము మాత్రమే. ఇష్టలింగ పూజపై జరిగిన పరిశోధన ఫలితముగా దీనిని ఎవరును చెప్పుకొనరాదు.

ఈ హెచ్చరిక చేయుటకు కారణము గలదు. ఇటీవల మఠముల వేదికలపై కొందరు వక్తలు, ఎనిమిది వారములు ధ్యానము చేసినచో మెదడు ఆకారమే మారునని స్కానింగులలో తేలినట్లు చెప్పుచున్నారు. 2011లో కొలదిమందిపై జరిగిన ఒక పరిశోధన అట్టి సూచనను చేసిన మాట నిజము. కాని 2022లో రెండువందలకు పైబడిన ఆరోగ్యవంతులపై మరింత జాగ్రత్తగా జరిగిన పరిశోధనలో అట్టి మార్పు కానరాలేదు. దేవుని పేరు చెప్పునపుడు మనము అబద్ధమాడము గదా! శాస్త్రము పేరు చెప్పునపుడును ఆడరాదు.

నిజముగా తేలినదేమనగా: 2014లో అమెరికా వైద్యులు 47 పరిశోధనలను, వానిలోని 3,515 మంది వివరములను ఒక్కచోట చేర్చి పరిశీలించిరి. ధ్యానశిక్షణవలన ఆందోళనయు, మనోవ్యాకులతయు ఒక మోస్తరుగా తగ్గుచున్నవి. ఔషధములకన్న, వ్యాయామముకన్న, ఇతర చికిత్సలకన్న అధికముగా తగ్గుచున్నట్లు మాత్రము సాక్ష్యము దొరకలేదు. 2000లో టీస్‌డేల్, సీగల్, విలియమ్స్ మొదలగువారు ప్రకటించిన పరిశోధన మరింత ఆలోచింపదగినది. కుంగుబాటు వ్యాధి మూడు మారులు గాని అంతకు మించి గాని వచ్చి, అప్పటికి నయమైయున్నవారికి, అది తిరుగబెట్టకుండుటకు ధ్యానము చక్కగా తోడ్పడినది. రెండు మారులే వచ్చినవారికి తోడ్పడలేదు. వారికి శిక్షణ ఇచ్చినది వ్యాధి తగ్గియున్న కాలమున అను మాటను గమనింపుడు. వరద తగ్గిన పిమ్మట కట్ట వేయుదురు గాని, వరదలో నిలబడి కాదు.

మా చిన్నమ్మ సంగతికి వత్తము. ఆమెను నిలిపినది నేను కాదు. ఆ ప్రాంతపు మఠములోని వృద్ధ జంగమమూర్తి ఒకరు భిక్షకు వచ్చి ఆమె ముఖము చూచి కూర్చుండిరి. పురాణము చెప్పలేదు. "కొడుకు పేరేంది తల్లీ?" అని అడిగిరి. అయిదు నెలలలో ఆ పేరును ఆ ఇంట ఎవరును పలుకలేదు! పలికినచో ఆమె ఏడ్చునని అందరి భయము. ఆమె పేరు చెప్పి, వాని చిన్ననాటి సంగతులు చెప్పి, సాయంకాలము వరకు ఏడ్చుచు మాటలాడెనట. అయ్యవారు వినిరి.

భావమునకు పేరు పెట్టి పలుకుటవలన అమిగ్డాల ఉద్రేకము తగ్గునని 2007లో లీబర్‌మన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. కోపముతో, భయముతో నున్న ముఖముల చిత్రములను చూపి, ఆ భావము పేరును ఎన్నుకొనుమనినపుడు, కావలికుక్క మొరుగుట తగ్గి, నుదుటి భాగము చురుకైనది. కల్యాణములోని అనుభవమంటపమున, అల్లమప్రభువు శూన్యసింహాసనమున నుండగా, శరణులు తమ అనుభవమునే మాటలలో పెట్టి అందరి యెదుట నుంచిరి. చాకలియు, చర్మకారుడును, స్త్రీలును అచ్చట మాటలాడిరి. వినువారుండిరి. ఆ కల్యాణము మా చిన్నమ్మ ఊరికి పెద్ద దూరము కాదు. మనము అనుభవమంటపము పేరున సభలు జరుపుచున్నాము. వానిలో ఒక్కరు మాటలాడుదురు, మూడువందల మంది విందురు. దుఃఖములో నున్నవారు మాటలాడుటకును, మనము వినుటకును అచ్చట చోటు లేకపోయినది.

సూతకము లేదనుటలోని తాత్పర్యమును గూడ ఆనాడే నాకు అయ్యవారు తెలిపిరి. మరణము మైల కాదు, విధవ మైల కాదు, ఏడ్చు ఇల్లు మైల కాదు అనుట దాని అర్థము. ఏడువరాదనుట కాదు.

మరునాడు అయ్యవారి మాటపై ఆమెను బీదరులో వైద్యునివద్దకు తీసుకొనిపోయిరి. ఆయన కుంగుబాటు వ్యాధియని నిర్ణయించి మాత్రలు వ్రాసియిచ్చెను. ఆమె వేసుకొనలేదు. లింగము ధరించినదానను, మనస్సునకు మందు వేసుకొనుట లింగమును నమ్మకపోవుట కాదా అని ఆమె శంక. అయ్యవారు ఇట్లనిరట: "అన్నం లింగానికి అర్పించి ప్రసాదం చేసుకొని తింటవు గద తల్లీ. మాత్రను గూడ అట్లనే అర్పించి తీసుకో." ఆమె అట్లే చేసినది. ఆ మాటలోని శాస్త్రమును వివరించుటకు నాకు ఇంకొక పాఠము కావలెను.

కాయకమును గూర్చి ఒక్క మాట. కుంగినవారు పని మానుదురు, పని మానినకొలది కుంగుదురు. చిన్నచిన్న పనులను వేళకు చేయించుట నేడు ఈ వ్యాధికి అంగీకరింపబడిన చికిత్సలలో నొకటి. చిన్నమ్మ మొదట తిరిగి చేరినది పూజకు కాదు, సోమవారము మఠములో దాసోహమునకు జొన్నరొట్టెలు తట్టు ఆడువారి మధ్యకు. అయితే వ్యాధి ముదిరియున్నవారిని "పని చేసుకొన్న అదే పోవును" అని గద్దించుట కాయకోపదేశము కాదు.

ఇంటియందు దుఃఖితులుండినచో చేయదగినది వ్రాయుచున్నాను. పూజను మానుమని చెప్పవలదు, పెంచుమని చెప్పవలదు. అయిదు నిమిషములు చాలును. కన్నులు తెరచి, లింగముయొక్క బరువును అరచేతిలో ముందు గుర్తింపవలెను. ఊపిరి తీయునపుడు ఊరకుండి, విడుచునపుడు నెమ్మదిగా పంచాక్షరిని పలుకవలెను. పోయినవారి ముఖము వచ్చినచో తోసివేయరాదు. "ఇది దుఃఖము" అని మనస్సులో అనుకొని, చూపును మరల లింగమునకు తేవలెను. పదిమారులు తొలగినచో పదిమారులు తేవలెను. గుండెదడ హెచ్చినచో ఆనాటికి లేచి, మంచినీరు త్రాగి, ప్రక్కన కూర్చున్నవారితో మాటలాడవలెను. ప్రక్కన ఒకరు కూర్చుండుట ముఖ్యము.

రెండు వారములకు మించి నిద్రాహారములు తప్పి, దేనిపైనను ఆసక్తి లేకున్నచో, వైద్యునివద్దకు పోవలెను. చావును గూర్చిన మాట వచ్చినచో ఒక్క దినము గూడ ఆగరాదు, వారిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబగళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగు, కన్నడములలో మాటలాడుదురు. పోలీసు కేసగునను భయముతో ప్రాణాపాయ ప్రయత్నములను దాచు కుటుంబములు గలవు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివారిని తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగా భావించి శిక్షనుండి కాపాడినది. వైద్యుడు చెప్పక మాత్రలు మానరాదు. మఠాధిపతులు ఆ నంబరును దాసోహశాల గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెనని నా ప్రార్థన.

మా చిన్నమ్మ సంవత్సరమునకు పైగా మాత్రలు వాడినది. వైద్యుడే క్రమముగా తగ్గించి మాన్పెను. ఇప్పుడు ఉదయము పావుగంట పూజ చేయును. జపమును లెక్కించుట లేదు. "పిల్లగాడు ఇంకా అగుపడుతడా చిన్నమ్మా?" అని మొన్న అడిగితిని. "వస్తడు బిడ్డా. వచ్చి కూసుంటడు" అనెను. ఆనాడు సోమవారము. రొట్టెలకు వేళయగుచున్నదని లేచి, పిండి డబ్బా నా చేతికిచ్చి మఠమునకు బయలుదేరెను.